పరంజా అదిరిన రోజు

గని కూలీలుండే మా కోరమండల్ లైను ఇళ్లలో నేల అదరడం కొత్త కాదు. కింద గనిలో రాయి పగిలితే పైన అలమరలో గిన్నెలు గలగలమనేవి. ఎవరూ బయటికి పరుగెత్తరు, కేకలు వేయరు. ఆడవాళ్లం ఉన్నచోటనే నిలబడి, షిఫ్టులో ఎవరున్నారో తలుచుకుని మనసులో ప్రార్థన చేసుకుంటాం. బైబిలు పట్టించి ఇంట్లోనే నాకు అక్షరాలు నేర్పిన అమ్మే ఈ అలవాటూ నేర్పింది.

గని దుమ్ముతో ఊపిరితిత్తులు చెడి నాన్న పని మానేసిన ఏడాది, ఒక కాంట్రాక్టరు గని ఇళ్ల ఆడపిల్లలకు కూలి ఇస్తూనే తాపీ పని నేర్పిస్తానన్నాడు. ఆరు నెలలు. మధ్యలో పెద్ద తప్పు చేస్తే ఇంటికి పంపించేయడమే. అప్పటిదాకా మా ఆడవాళ్లు ఇసుక మోసినవాళ్లే గాని తాపీ పట్టినవాళ్లు లేరు. ఆ దయకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నానో.

నాకు నేర్పిన మేస్త్రీ మాస్తి ఊరి వైపు మనిషి. మొదటి రోజే తన పాత తాపీ నా చేతికిచ్చి, "ఇది గరిటె కాదమ్మా, ఉప్మా కలిపినట్ల కలపొద్దు" అన్నాడు. నేను విసిరిన సిమెంటు సగం గోడ మీద, సగం నా చీర మీద పడేది. ఆయన ఏనాడూ కసురుకోలేదు. నాలుగో నెలకు చదును చూసే బద్ద ఆనించినా సందు కనబడని గోడ పూయగలిగాను.

ఆ రోజు మాలూరులో పని. ఆయన పరంజా మీద, నేను కింద. పరంజా కాలు పట్టుకోవడం, కదిలిన వెంటనే అరవడం నా వంతు. చేతి కింద కట్టె సన్నగా అదిరింది. నేను అరవలేదు. కళ్లు మూసుకుని, గనిలో షిఫ్టుకు దిగిన మా అన్నను తలుచుకున్నాను. గనికి అంత దూరంలో ఉన్నామన్నది తోచనే లేదు. కళ్లు తెరిచేసరికి పరంజా కట్టు ఊడి, ఆయన ఇటుకల కుప్ప మీద పడి ఉన్నాడు. కుడిచేయి ఒంటి కింద నలిగిపోయింది.

ఆసుపత్రిలో ఆయనకు నిజం చెప్పాను. ఆయన నా వైపు తిరిగాడు.

"ఒక్క కేక ఏసింటే దుమికేసి ఉందును కదమ్మా."

కాంట్రాక్టరుకు చెప్పావా అని అడిగాడు. లేదన్నాను.

"చెప్పొద్దు. కట్టు నేనే సరిగా బిగించలేదని చెప్పినాను. నాకు ఇంగ ఈ చెయ్యి ఎట్లాగూ రాదు. నీ పనన్నా నిలబడనీ."

వద్దు మేస్త్రీ, నిజమే చెప్తాను అని నేను అనాల్సింది. ఇంట్లో నాన్న దగ్గు గుర్తొచ్చింది. పరంజా దగ్గర అలవాటు కొద్దీ నోరు తెరవనిదాన్ని, ఇక్కడ పని కోసం తెరవలేదు.

మర్నాడు ఆయన సగంలో వదిలిన గోడ నాకే అప్పగించారు. ఆయన పూత ఆగినచోట అంచు ఎండిపోయి ఉంది. దాన్ని చెక్కి, తడిపి, సిమెంటు నీళ్లు రాసి కొత్త పూత కలపాలి. అదీ ఆయన నేర్పిందే. సాయంత్రానికి అతుకు కనబడకుండా పూశాను. కాంట్రాక్టరు గోడను అరచేత్తో తడిమి చూసి, బాగుందన్నాడు. పనయ్యాక చేతులు కడుక్కుని రోజూ చెప్పుకునే స్తోత్రం ఆ సాయంత్రం సగంలోనే ఆగిపోయింది.