ఎనిమిదో రోజు దద్దుర్లు

ఆసిఫాబాద్ వైపు ఒక చిన్న ఊరి దవాఖానలో నర్సుగా చేరి అప్పటికి రెండేళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు. పది మంచాలు, ఒక డాక్టరు, నేను, ఒక ఆయా. మాది కరీంనగర్ దగ్గరి పల్లె. హైదరాబాదులో చదువుకొచ్చినదాన్నని నాకు గర్వం ఉండేది. ఆ గర్వంతోనే ఒక ముసలమ్మను ఏడిపించాను.

ఆమె కోడలికి చేనులో జొన్న కొయ్యకాలు పాదంలో దిగింది. బండి మీద తీసుకొచ్చేసరికి పాదం వాచిపోయింది. గాయం కడిగి, ధనుర్వాతం రాకుండా సూది వేశాను. ఆ రోజుల్లో ఆ మందు గుర్రం నెత్తురు నుంచి తీసేవారు. అందుకని ఒంటికి పడుతుందో లేదో తెలియడానికి ముందు ముంజేతి మీద చుక్కంత వేసి, అరగంట పక్కనే కూర్చుని చూశాను. ఏమీ కాలేదు. మిగతాది వేశాను. రోజూ కట్టు మార్చాలి, ఊరేమో దూరం. దాంతో వాళ్ళు దవాఖానలోనే ఉండిపోయారు. కోడలు మంచం మీద, అత్త మంచం పక్కన నేల మీద. వెనుక మూడు రాళ్ళు పెట్టుకుని అత్త జొన్నరవ్వతో గట్క వండేది.

ఎనిమిదో రోజు పొద్దున కోడలి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. మధ్యాహ్నానికి కళ్ళు మూసుకుపోయేంత వాపు, జ్వరం. మోకాళ్ళు, మణికట్లు నొప్పని ఏడ్చింది. డాక్టరుగారు క్యాంపుకు వెళ్ళారు, మర్నాడు గాని రారు. ఊపిరి ఎలా ఆడుతోందో చూశాను, బాగానే ఉంది. దురదకు మాత్ర ఇచ్చాను, తడిగుడ్డ కప్పాను, గోకి పుండ్లు చేసుకోకుండా గోళ్ళు కత్తిరించాను. అంతవరకు నేను చేసింది సరే. తర్వాత అత్త వైపు తిరిగాను.

"ఏం పెట్టినవ్ ఈమెకు?"

"గట్క, పప్పుచారు బిడ్డా."

"వంకాయ పెట్టలే?"

"లే బిడ్డా."

పొయ్యి దగ్గర వంకాయ తొడిమలు పడి ఉండటం నేను చూశాను. అవి పక్క మంచం వాళ్ళవి కావచ్చని నాకు తోచలేదు.

"అబద్ధాలాడకు. పుండుంటే వంకాయ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిన? పిల్ల సస్తే ఎవరు జవాబు చెప్తరు?"

వార్డంతా వింటోంది. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టిన బిడ్డా. తప్పయింది" అంది.

ఆ మాటను కేసు కాగితం మీద రాశాను. ఇక నీ వంట బంద్ అన్నాను. ఆమె వరండాలోకి పోయి కూర్చుంది. దవాఖాన పాలు, బ్రెడ్డు కోడలికి సయించలేదు. రెండు పూటలా పస్తు ఉంది.

మర్నాడు డాక్టరుగారు వచ్చారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కాగితం చదివి, సూది వేసిన తేదీ చూశారు.

"సిస్టర్, ఇది తిండి వల్ల కాదండీ, మీరు వేసిన సూదిలోని సీరం వల్ల. పరాయి జంతువుది కదా, ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి ఎదురుతిరగడానికి వారం పది రోజులు పడుతుంది. ముందు వేసే పరీక్షలో ఇది తెలియదు. మీరు చదివే ఉంటారు."

చదివాను. నర్సు చదువు పరీక్షలో రాశాను కూడా. నేను రాసిన వాక్యం మీద ఆయన అడ్డగీత గీస్తుంటే నా చెవులు కాలిపోయాయి.

వరండాలోకి వెళ్ళాను. "అవ్వా, నువ్వు నిజంగ వంకాయ పెట్టినవా?"

"లే బిడ్డా."

"మరి పెట్టిన అని ఎందుకన్నవ్?"

ఆమె నా ముఖం చూడలేదు. "నువ్వు కోపంల ఉంటివి. ఒప్పుకుంటే పిల్లను జర మంచిగ సూస్తవేమో అనుకున్న."

క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. "సరే, ఇయ్యాల్టి నుంచి వండుకో" అని మాత్రం అన్నాను.

నాలుగైదు రోజుల్లో వాపు తగ్గింది. ఇంటికి పోయే రోజు, ఆ సూది ఈమెకు మళ్ళీ వేయవద్దని ఎర్రసిరాతో చీటీ రాసిచ్చాను. ఏ దవాఖానకు పోయినా ముందు అది చూపించమని ఇద్దరికీ రెండుసార్లు చెప్పాను. ముసలమ్మ చీటీని బొడ్లో దోపుకుని అడిగింది.

"వంకాయ ఎన్ని దినాలు మాన్పియ్యాలె బిడ్డా?"

దద్దుర్లు వంకాయ వల్ల కాదని ఆమెకు నేనింకా చెప్పనేలేదు. పక్కన ఆయా ఉంది. మంచాల మీదివాళ్ళు చూస్తున్నారు.

"కొన్ని దినాలు మానుండ్రి" అన్నాను.

ఆమె నాకు దండం పెట్టింది. నేను తల ఊపాను.