వేడిగాలి తిప్పిన దిక్కు

పోయిన వారం మా పెద్దవాడు కోదాడలో ఏదో కొత్త దవాఖాన డాబా మీది నుంచి వీడియో కాల్ చేసి, క్రేనుకు వేలాడుతున్న పెద్ద ఏసీ యూనిట్‌ను చూపిస్తూ, దీని ముఖం ఎటు పెట్టమంటావు బాపూ అని అడిగాడు. షాపు వాడికి అప్పజెప్పి మూడేళ్లయినా ఇలాంటి సంగతులు నన్నడగడం వాడికి అలవాటు. ముందు ఆ గోడ అవతల ఎవరుంటున్నారో చూసి రా అన్నాను. అక్కడ ఖాళీ ప్లాటే ఉందనీ, ఇప్పటి యూనిట్లు వేడిగాలిని పైకే వదులుతాయి కదా అనీ వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఫోను పెట్టేశాక చాలాసేపు కుడి భుజం నిమురుకుంటూ కూర్చున్నాను. ఆ భుజం ఎట్లా విరిగిందో నా భార్యకు తప్ప ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆమెకూ సగమే తెలుసు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు మన సూర్యాపేటలో ఏసీ అంటే ఏ పెద్ద బ్యాంకులోనో మేనేజరు గది కిటికీకి బిగించిన డబ్బా. పెళ్లిళ్లన్నీ షామియానాల కిందే జరిగేవి, వైశాఖంలో అయితే కొబ్బరి మట్టల పందిరి మీద నీళ్లు చల్లేవాళ్లు. నడిగూడెం దగ్గరి మా తండా నుంచి హైదరాబాదు వెళ్లి ఆరేళ్లు పని నేర్చుకొని వచ్చిన నేను, కూలర్లూ ఫ్రిజ్‌లూ బాగుచేసే చిన్న షాపు పెట్టుకొని, నా భార్య తమ్ముణ్ని తోడు తెచ్చుకున్నాను. మా యాడికి, అంటే మా అమ్మకు, కొడుకు చేసే పని ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. గాలిని చల్లబరిచే పని అంటే, గాలికి కూడా కూలి ఇస్తారా అని లంబాడీలో అడిగి నవ్వేది.

ఆ రోజుల్లో మిర్యాలగూడ నుంచి కబురు వచ్చింది. అక్కడ రైస్ మిల్లున్న ఒక పెద్ద పటేలు మిల్లు పక్కనే ఫంక్షన్ హాలు కట్టించి, హైదరాబాదులో మూసేసిన ఏదో ఆఫీసు డాబా మీది ప్యాకేజీ యూనిట్‌ను కొని తెచ్చాడు. కంప్రెషర్లు, కాయిళ్లు, బ్లోయరు అన్నీ ఒకే ఇనుప పెట్టెలో ఉండే ఆ యంత్రం ఇంచుమించు ట్రాలీ ఆటో అంత ఉంటుంది. దాన్ని డాబా మీద కూర్చోబెట్టి, రేకు డక్టుల ద్వారా చల్లగాలిని కిందికి హాల్లోకి దింపాలి. చలికాలంలో హాలును వెచ్చబెట్టే హీటర్లు కూడా అందులో ఉన్నాయని పటేలు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. మిర్యాలగూడలో మనిషి పెట్టే పెట్టి వేడి కొనుక్కోవడం ఏమిటని నేనూ నా బావమరిదీ చాటుగా నవ్వుకున్నాం. ఇప్పుడనిపిస్తుంది, ఆ మనిషికి వేడి అవసరమే ఉండింది. కాకపోతే హాల్లోకి కాదు.

ఆయనకు తమ్ముడున్నాడు. తండ్రి పోయాక పంపకాల్లో మిల్లు పెద్దాయనకూ, పొలాలు, పాత ఇల్లు చిన్నాయనకూ వచ్చాయి. హాలుకూ ఆ ఇంటికీ మధ్య నాలుగడుగుల సందు. కార్లు ఆపుకోవడానికి ఇంటి వెనక జాగా కావాలని అన్న అడిగితే తమ్ముడు ఇవ్వనన్నాడు. అప్పుడు మిల్లు వాకిట్లోనే ఇద్దరూ కలబడ్డారట. అన్న చెవి తెగింది, తమ్ముడికి ముందరి పళ్లు రెండు ఊడాయి. ఆ తర్వాత మధ్యలో గోడ లేచింది, ఒకరి గడప ఒకరు తొక్కలేదు. వాళ్ల అమ్మ తమ్ముడి దగ్గర ఉండేది. ఆమె వీధి అరుగు మీద కూర్చుంటే పెద్దాయన మిల్లుకు పోతూ దూరం నుంచి చూసేవాడని హమాలీలు చెప్పారు. ఆమెకు పక్షవాతం వచ్చి మంచం పట్టిందని కూడా ఆయనకు ఎవరి నోటి ద్వారానో తెలిసిందే తప్ప వెళ్లి చూడలేదు.

యూనిట్‌ను చైన్ పుల్లీతో ఎక్కించిన రోజే ఆ మనిషి తీరు తెలిసింది. సగం పైకి వచ్చాక ఒక హమాలీ చేతిలో తాడు జారి, పెట్టె ఒక మూల గోడకు కొట్టుకుంది. పటేలు ఏమీ అనకుండా దగ్గరికి నడిచి వెళ్లి ఆ మనిషిని చెంప మీద కొట్టాడు, కింద పడ్డాక డొక్కలో తన్నాడు. మిగతా హమాలీలు తాడు వదలలేదు, తల తిప్పలేదు. నేనూ అంతే.

ఆ రకం యూనిట్లు వేడిగాలిని పక్కకు ఊదేవి. ఎదురుగా అడ్డం లేకుండా ఉండాలి కాబట్టి రోడ్డు వైపు ముఖం పెడదామని నేను సున్నంతో గీత గీశాను. పటేలు ఆ గీతను చెప్పుతో చెరిపేసి, తమ్ముడి ఇంటి కిటికీ వైపు చూపించాడు. అటు పెడితే గాలి గోడకు కొట్టి తిరిగి వస్తుందనీ, మెషీన్‌కు మంచిది కాదనీ నసిగాను.

"గాలి ఎటు పోవాల్నో నాకు చెప్పకు. గా కిటికి దిక్కే తిప్పు."

ఆయన కిందికి దిగాక నా బావమరిది రబ్బరు ప్యాడ్లు పరుస్తూ మెల్లగా అన్నాడు. "అవతల ఇల్లుంది బావా. మనుషులుంటారు గదా."

పెట్టెను కిటికీ వైపు తిప్పి, నాలుగు బోల్టులూ నా చేత్తోనే బిగించాను.

బిగించడం ఒక రోజు పని, సరిచేయడం మూడు రోజుల పని. బ్లోయరు బెల్టు వదులైతే జారుతుంది, బిగువైతే బేరింగు అరుస్తుంది. డక్టుల్లో గాలిని హాలు నాలుగు మూలలకూ సమంగా పంచాలి, గ్యాసు ఎంతుందో చూసుకోవాలి, కరెంటు ఎంత లాగుతున్నదో మీటరు పట్టుకొని గంట గంటకూ రాసుకోవాలి. రెండో రోజు అట్లా రాసుకుంటూ తలెత్తితే, ఆ కిటికీ కర్టెను లోపలికి ఎగిరిపోయి, గదిలో మంచం మీద ఒక ముసలామె కనిపించింది. ఒంటి మీద తడి గుడ్డ కప్పారు. ఒక చెయ్యి కదలడం లేదు, రెండో చెయ్యి గాలికి అడ్డంగా ముఖం ముందు పెట్టుకొని ఉంది. కిటికీ తలుపులు వేస్తే ఆ గదికి వేరే గాలి లేదు. మధ్యాహ్నానికి ఎవరో కిటికీకి తడి గోనెసంచి కట్టారు, గంటలో అది అప్పడంలా ఎండిపోయింది.

సాయంత్రం చిన్న పటేలు భార్య సందులో నిలబడి నన్ను పిలిచింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"తమ్మీ, ముసలామెకు ఊపిరాడ్తలేదు. ఈ ఒక్క అర్రే సల్లగుంటదని మొన్ననే గీడ పండవెట్టినం. జర బందు పెట్టు."

పెద్ద పటేల్‌ను అడిగి చెబుతానన్నాను. అడగలేదు. ఆయనకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఆ హమాలీ డొక్క గుర్తొచ్చింది. ఎల్లుండి హాల్లో మొదటి పెళ్లి, అది సవ్యంగా జరిగితే సూర్యాపేట నుంచి కోదాడ దాకా అన్ని హాళ్ల పనీ నాకే వస్తుందని కూడా లోపల ఉంది. వీటిలో ఏది ఎంత బరువో ఇప్పటికీ తేల్చుకోలేను.

మూడో రోజు మిట్ట మధ్యాహ్నం. వేడిగాలి ఫ్యాను జాలీ గలగలలాడుతుంటే దాన్ని విప్పి పక్కన పెట్టి, ఫ్యానుకు నేరుగా కరెంటు ఇచ్చి రెక్కలు ఎక్కడ తాకుతున్నాయో చూస్తున్నాం. గరిడేపల్లి దగ్గరి పొలం నుంచి అప్పుడే ఇంటికి వచ్చిన చిన్న పటేలుకు, కనుగుడ్లు తేలేసిన తల్లి కనిపించింది. ఆయన మెట్లెక్కి వచ్చిన చప్పుడు ఫ్యాను హోరులో మాకు వినపడలేదు. నేను వెనక్కి తిరిగేసరికి గొడ్డలి గాల్లో ఉంది. చివరి క్షణంలో దాన్ని తిప్పి పట్టాడు కాబట్టి వెనక మొద్దు భాగం తగిలింది, అంచు తగిలి ఉంటే ఇది రాయడానికి ఉండేవాణ్ని కాదు. భుజం మీది ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది.

ఆ తర్వాత ఆయన నన్ను చూడను కూడా లేదు. మెషీన్ మీద పడ్డాడు. మూడో దెబ్బకు కాయిల్ చీలి, గ్యాసూ నూనే కలిసి తెల్లటి పొగలా ఆయన మీదికి చిమ్మాయి. ఆ ఎర్రటి ఎండలో ఆయన ముంజేతుల మీద మంచు పేరుకోవడం నేను చూశాను. చర్మం తెల్లబడి బిగుసుకుపోతున్నా దెబ్బ మీద దెబ్బ వేస్తూనే ఉన్నాడు. వెనక నుంచి పట్టుకోబోయిన నా బావమరిదిని ఒక్క విదిలింపుతో విసిరేస్తే, పెట్టె అంచు తగిలి తల పగిలి, కళ్లలోకి నెత్తురు కారి, వాడు గుడ్డివాడిలా డాబా మీద తడుముకుంటూ పాకాడు.

అంతలో పెద్ద పటేలు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. ఇద్దరూ ఏండ్లుగా దాచిపెట్టుకున్నదంతా పిడికిళ్లతో, మోకాళ్లతో, పళ్లతో తీర్చుకున్నారు. దొర్లుతూ దొర్లుతూ పోయి, తమ్ముడు అన్నను పెట్టెకు అదిమి, గొడ్డలి కర్రను అడ్డంగా మెడ మీద పెట్టి నొక్కాడు. పెద్దాయన ముఖం నల్లబడింది, కాళ్లు కొట్టుకుంటున్నాయి.

ఫ్యాను స్విచ్చు నాకు ఆరడుగుల దూరంలో ఉంది. పెద్ద పానా నా ఎడమచేతి కిందే ఉంది. ముందు స్విచ్చు ఆర్పి ఉండాల్సింది. అది ఈ పనిలో మొదటి పాఠం, నేను మా పిల్లవాడికి నేర్పిన మొదటి పాఠం. నేను పానా తీసుకున్నాను. వెనక నుంచి చిన్న పటేలు మోకాలి మీద, నా బలమంతా పెట్టి కొట్టాను. భయంతో కొట్టానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కొట్టినప్పుడు ఒళ్లంతా హాయిగా అనిపించిందన్నది కూడా నిజమే. ఆయన కుప్పకూలాడు. ఆ పట్టు ఒక్కసారిగా వదిలేసరికి పెద్దాయన పక్కకు తూలి, ఆనుకోవడానికి చెయ్యి చాపాడు. అక్కడ జాలీ లేదు. తిరుగుతున్న రెక్కలున్నాయి.

కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. అప్పుడు వెళ్లి స్విచ్చు ఆర్పాను.

చిన్న పటేల్‌ను, ఆయన తల్లిని, నా బావమరిదిని ఆటోల్లో ఊళ్లోని దవాఖానకే తీసుకుపోయారు. పెద్దాయననూ నన్నూ మిల్లు జీపులో నల్లగొండకు తీసుకుపోయారు. డ్రైవరు ముందు, మేమిద్దరం వెనక. తువాలు చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకొని, కిటికీలోంచి బయటికి చూస్తూ, చాలా దూరం పోయాక అడిగాడు.

"అమ్మ గా అర్రల ఉన్నదని నీకెర్కేనా?"

"ఎర్కే పటేలా."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

ఆయన మళ్లీ అడగలేదు.

ముసలామె ఆ గండం గడిచి, చలికాలం దాకా బతికింది. వెనక నుంచి కొట్టిందెవరో చూడని చిన్న పటేలు, ఆ రోజు తన మోకాలు విరగ్గొట్టింది అన్న తెచ్చుకున్న మిల్లు మనిషేనని స్టేషనులో చెప్పాడు. కొట్టింది నేనేనని పెద్దాయన కళ్లారా చూశాడు, అయినా నా పేరు ఎత్తలేదు. నన్నెందుకు కాపాడాడో నాకు తెలియదు. తమ్ముడి మీద చెయ్యెత్తిన మనిషిని తీసుకొచ్చి పెట్టుకున్నది తానే కదా అనుకున్నాడేమో. పెద్దమనుషులు కూర్చోబెట్టి కేసు రాజీ చేశారు. అన్నదమ్ములు మాత్రం రాజీపడలేదు. తల్లి శవానికి చెరో వైపు నిలబడ్డారే గాని ఒకరినొకరు చూసుకోలేదని విన్నాను. అన్న తల్లిని ఉడికించి చంపాలనుకున్నాడనీ, మనిషిని పెట్టి తన కాలు విరగ్గొట్టించాడనీ చిన్నాయన నమ్మాడు. పెద్దాయన కాక, రెండూ అబద్ధాలని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, సూర్యాపేటలో షాపు తెరుస్తూ, మూస్తూ, పిల్లల్ని చదివించుకుంటూ ఉండిపోయాను. నా బావమరిది కుట్లు మానాక మళ్లీ డాబా ఎక్కలేదు. కోదాడలో మోటార్లకు వైండింగు చేసుకుంటూ బతికాడు. నన్ను ఒక్క మాటా అనలేదు.

పోయిన శీతాకాలం, పెద్దవాడు పని మీద పోయి దుకాణంలో నేనొక్కణ్నే ఉన్నప్పుడు ఒక ముసలాయన కుంటుతూ మెట్లెక్కి వచ్చి, తన గదికి చిన్న ఏసీ కావాలన్నాడు. ఆ నడక చూడగానే చిన్న పటేలేనని గుర్తుపట్టాను, ఆయన నన్ను గుర్తుపట్టలేదు. టీ తెప్పించాను. వడ్ల రేటు గురించి, కాలువ నీళ్ల గురించి మాట్లాడాడు. మోకాలు నొక్కుకుంటుంటే చూసి ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ఆ దెబ్బ నాదేనని, వాళ్ల అమ్మ ఆ గదిలో ఉన్నట్టు పెద్దాయనకు తెలియనే తెలియదని, జీపులో ఏమడిగాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనిపించింది.

"అన్న పోయి రెండేండ్లాయె," అన్నాడు. "గిప్పుడెందుకు చెప్తున్నవ్?"

లేచి, మెట్ల మీద ఒక్కో కాలు చూసుకుంటూ దిగిపోయాడు. ఏసీ వేరే చోట కొనుక్కొని ఉంటాడు.

ఇప్పుడు సూర్యాపేట నుంచి కోదాడ దాకా రోడ్డు పొడుగునా ఏసీ హాళ్లే. యూనిట్లు చడీచప్పుడు లేకుండా నడుస్తాయి, జాలీ విప్పితే వాటంతటవే ఆగిపోతాయి, వేడిని ఆకాశంలోకి వదులుతాయి. ఏ ఇంటికి చూసినా కిటికీలు మూసే ఉంటాయి. గొడ్డలి పట్టుకొని డాబా ఎక్కేంత కోపం ఇప్పుడెవరికీ లేదు, అంతవరకు మంచిదే. కాకపోతే కోపం మీద కలబడ్డ అన్నదమ్ములు, ఎవరో ఒకరు నిజం చెప్పి ఉంటే, అదే ఊపుతో కావలించుకొని ఏడ్చేవాళ్లు కూడా. అట్లాంటి మనుషుల మధ్య ఇన్నేళ్లు పనిచేశాను. గ్యాసు ఎంతుండాలో, బెల్టు ఎంత బిగించాలో వేలితో నొక్కి చెప్పగలిగేవాణ్ని. నోరు తెరవాల్సిన వేళ ఒక్కటే తెలుసుకోలేకపోయాను.