పడవ ఇంజన్‌లోకి నీళ్ళొచ్చిన దారి

అమీర్‌పేటలో ముప్పై ఏళ్ళుగా జనరేటర్లు బాగుచేస్తున్నాను. వానాకాలం వచ్చిందంటే ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ సెల్లార్లు నిండుతాయి, జనరేటర్లు మునుగుతాయి, నా ఫోన్‌కు విశ్రాంతి ఉండదు. నీళ్ళు తాగిన డీజిల్ ఇంజన్‌ను బతికించడంలో నన్ను మించినవాడు లేడని నాకు కొంచెం పొగరు. కొంచెమేమిటి, బాగానే ఉంది. అందుకే పంజగుట్ట నుంచి ఒక మేడం వచ్చి పడవ ఇంజన్ చూస్తారా అని అడిగితే, తెరచాప పడవను దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదని ఆమెకు చెప్పలేదు.

ఆమె సొంతూరు కాకినాడ. రిటైరయ్యాక తనూ తమ్ముడూ కలిసి అక్కడ చిన్న తెరచాప పడవ కొనుక్కున్నారట. గాలి లేనప్పుడు, రేవులోకి వచ్చేటప్పుడు వాడుకోవడానికి అందులో రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉంది. ఎనిమిది నెలల కిందట రేవు ముందు ఆ ఇంజన్ ఎంతకూ స్టార్ట్ కాలేదు, చివరికి బిగుసుకుపోయింది. విప్పి చూస్తే సిలిండర్ల నిండా ఉప్పునీళ్ళు. తెరచాపతో పోతున్నప్పుడు పడవ వెనక పొగగొట్టానికి మూత పెట్టాలట. తమ్ముడు పెట్టలేదు, అలలు లోపలికి కొట్టాయి అని ఈమె. పెట్టాను, ఇంజన్ వేసేముందే తీశాను అని అతను. మాటా మాటా పెరిగి, ఎనిమిది నెలలుగా అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. కాకినాడలో అందరూ ఇద్దరికీ తెలిసినవాళ్ళేనని, ఎవరి పక్షమూ కాని మెకానిక్ కావాలని, ఇంజన్‌ను లారీలో హైదరాబాద్ తెప్పించింది.

"బాగుచేయడం ఒక్కటే కాదండీ. నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో కూడా చెప్పాలి" అంది.

"గిండ్ల చెప్పేదేమున్నది మేడం? మూత పెట్టకపోతే నీళ్ళు రావా? మీ తమ్మునిదే తప్పు" అన్నాను. ఇంజన్‌ను ఇంకా ముట్టుకోనైనా లేదు.

ఆమె తలూపింది. కానీ ఆ మాట విన్న సంతోషం మొహంలో కనబడలేదు.

పని మొదలుపెట్టాను. ఆయిల్ విప్పితే పాలెక్కువైన చాయ్ రంగులో వచ్చింది. మూడుసార్లు మార్చాను. లోపల తుప్పు మాత్రం లేదు. రేవులో ఇంజన్ బిగుసుకుపోయిన సాయంత్రమే తమ్ముడు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి, నీళ్ళు తోడి, సిలిండర్లలో ఆయిల్ పోసి మూశాడట. ఆ సంగతి కూడా ఆమే చెప్పింది, కాస్త అయిష్టంగా. ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. చీర కొంగు దోపుకుని నాతోపాటు పానా పట్టింది, చేతులు నల్లగా చేసుకుంది.

పడవ ఇంజన్‌కు రేడియేటర్ ఉండదు. పంపు సముద్రపు నీళ్ళు పీల్చి ఇంజన్‌ను చల్లబరుస్తుంది, ఆ నీళ్ళు పొగగొట్టంలో కలిసి పొగతోపాటు బయటికి పోతాయి. నేను పంపు పైపును నిండు బకెట్‌లో పెట్టి, ఆ పైపుకున్న నల్లా తిప్పాను. మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అదే: ముందు నీళ్ళు చూడు, తర్వాతే సెల్ఫ్ కొట్టు. నీళ్ళు లేకుండా జనరేటర్ వేసినవాణ్ణి ఆయన చెంప పగలగొట్టేవాడు.

సెల్ఫ్ కొట్టాను. అందుకోలేదు. డీజిల్ లైన్‌లో గాలి మిగిలినట్టుంది, కొడితే అదే పోతుందిలే అనుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ. పది పన్నెండుసార్లు కొట్టి ఉంటాను. అప్పుడు టక్కున చప్పుడు చేసి ఇంజన్ కదలకుండా ఆగిపోయింది.

పాత ఇంజన్ మేడం, పిస్టన్ పోయింది అని చెప్పేస్తే అయిపోతుంది, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడే బకెట్ కనబడింది. సగం ఖాళీ. పొగగొట్టం కింద నేల మాత్రం పొడిగా ఉంది. సగం బకెట్ నీళ్ళు ఎటు పోయాయి?

నాజిళ్ళు విప్పి చేత్తో చక్రం తిప్పాను. నీళ్ళు చిమ్మి నా మొహం తడిపాయి. అమీర్‌పేటలో, సముద్రానికి అన్ని వందల కిలోమీటర్ల దూరంలో, ఒక్క అల లేకుండా ఇంజన్ మునిగిపోయింది. స్టార్ట్ అయితేనే కదా పొగ వచ్చేది, పొగ నెడితేనే కదా నీళ్ళు బయటికి పోయేది. స్టార్ట్ కానప్పుడు కొట్టిన ప్రతి సెల్ఫ్‌కూ పంపు నీళ్ళు తోడింది, అవి పొగగొట్టం మధ్యలో ఉండే సైలెన్సర్ డబ్బా నిండి వెనక్కి సిలిండర్లలోకి ఎక్కాయి. తన చల్లదనం కోసం పెట్టిన పంపే దాన్ని ముంచింది. ముప్పై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదు.

"నేనే ముంచిన మేడం" అన్నాను. "నల్లా తెరిచి ఒకటే తీరుగ సెల్ఫ్ కొట్టిన. అలలు లేవు, మూత లేదు. నీళ్ళు గిట్ల సుత వస్తయ్."

ఆమె చాలాసేపు బకెట్‌నే చూసింది.

"ఆ రోజు తమ్ముడు తెరచాప దించుతున్నాడు" అంది. "తాళంచెవి నా చేతిలో ఉంది. పావుగంట కొట్టానండీ."

ఇద్దరం కలిసి మళ్ళీ నీళ్ళు తోడాం, ఆయిల్ మార్చాం, ఈసారి లైన్‌లో గాలి మొత్తం తీశాం. నల్లా మూసే సెల్ఫ్ కొట్టాను. రెండో దెబ్బకు అందుకుంది. వెంటనే నల్లా తిప్పాను. పొగగొట్టంలోంచి పొగా నీళ్ళూ కలిసి బుస్సుబుస్సుమంటూ వాకిట్లో పడుతుంటే, కోచింగ్ సెంటర్ల పిల్లలు నిలబడి చూశారు. నేనూ వాళ్ళలాగే నోరు తెరుచుకుని చూశాను.

ఇంజన్ ఆపాక, చేతులకు ఆయిల్ ఉందని ఆమె తన ఫోన్ నన్ను పట్టుకోమంది, స్పీకర్ పెట్టమంది. తమ్ముడు ఎత్తాడు.

"నీళ్ళు నా వల్లే వచ్చాయిరా" అంది ఆమె. "నువ్వు మూత పెట్టావు. సెల్ఫ్ కొట్టి కొట్టి ముంచింది నేను."

"తెలుసక్కా" అన్నాడు. "ఆ రోజు నాజిళ్ళు విప్పినప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదేంరా?"

"చెప్తే ఆ బాధతో నువ్వు మళ్ళీ పడవెక్కవు కదా."