హనీఫ్ బావ నాచు ఉండలు

పెడనలో హనీఫూ నేనూ ఒకే కలంకారీ కార్ఖానాలో పనిచేశాం. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. రంగు వేసిన బట్టను కాలవలో జాడించే పని ఆయనది. నడుం పట్టేసి ఇక వంగలేక, పంతొమ్మిది వందల డెబ్బై ఏడులో పని మానేశాడు. ఇంటి వెనక చెరువు తవ్వించి శీలావతి చేపపిల్లల్ని వదిలాడు.

ఆ కార్తీకంలోనే దివిసీమ ఉప్పెన. కెరటం చెరువుదాకా రాలేదు గానీ గాలివానకు చుట్టుపక్కల చేలన్నీ పోయాయి. వడ్లు లేక మిల్లు ఆడలేదు. చేపలకు వేసే తవుడు కరువైంది.

"మేత లేకపోతే చెరువు వదిలేసి మళ్లీ కాలవలోకి దిగాల్సిందే బావా," అన్నాడు, నడుం మీద చెయ్యేసుకుని.

మంగినపూడి ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నాచును మేకలు తింటుంటే చూశాడాయన. మేకలు తినేది చేపలెందుకు తినవని ఒక గోతాం నింపి సైకిలు మీద తెచ్చాడు. ఉప్పు పోయేదాకా బట్టను జాడించినట్టే జాడించాడు. ఎండబెట్టి దంచి, కార్ఖానావాళ్లు పారేస్తుంటే తెచ్చుకున్న చెక్క తొట్టిలో నూకల గంజితో కలిపి ఉండలు చేశాడు. బుట్టలో పెట్టి చెరువులోకి దించాడు.

మర్నాడు బుట్ట లాగితే ఉండలు మెత్తబడ్డాయే గానీ తగ్గలేదు.

"అంచూ పువ్వూ అద్దలేదని అలిగుంటాయి బావా," అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆయన భార్య ఖైరున్ బీ ఒక ఉండ చిదిపి నాలిక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మేసింది. "అబ్బ, ఏం వగరు! ఎందులో కలిపారండీ?"

"మన తొట్టిలోనే."

"కరక్కాయ నానిన తొట్టిలోనా! ఆ వాసన వీధి చివరికి కొడుతుంది, మీ ఇద్దరి ముక్కులకు తప్ప!"

నిజమే. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి ముంచి, ఆ వాసన ఉందన్న సంగతే మరిచిపోయాం.

ఈసారి ఆవిడే కొత్త మట్టి బానలో కలిపింది. "ఇదీ తినకపోతే బిర్యానీ వండమంటారేమో మీ చేపలు," అంది.

మర్నాడు బావ తాడు పట్టుకుని ఆగిపోయాడు. "నువ్వు లాగు బావా."

బుట్ట తేలిగ్గా వచ్చింది. అడుగున కాస్త పచ్చటి బురద, అంతే. ఖైరున్ బీ కేసి చూసి అప్పుడు నవ్వాడాయన.

తవుడు మళ్లీ దొరికాక కూడా సగం నాచే వేసేవాడు. కాలవలోకి ఇక దిగలేదు. ఆ తొట్టిని చెరువు గట్టున బోర్లించుకుని, దాని మీద కూర్చుని మేత వేసేవాడు.

మొన్న మాఘంలో ఆయన పోయాక ఖైరున్ బీ ఆ తొట్టిని నాకిచ్చింది. ముఖం దగ్గరగా పెట్టుకుని వాసన చూశాను. ఇప్పటికీ నాకేమీ తెలియలేదు.