రంపపు పొట్టు, టార్చ్ వెలుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను గర్వంగా చేసిన పని ఒక్కటే, బేస్‌మెంట్ ఊడ్చడం. చదువులో నేను అంతంతమాత్రం. పియానో నేర్పబోయిన టీచర్ రెండు నెలలకే చేతులెత్తేసింది. కానీ నేలంతా పరుచుకున్న రంపపు పొట్టును మూలమూలలా ఊడ్చి, సంచిలోకెత్తి పైకి వచ్చానంటే, మా నాన్న మెట్ల మీద నిలబడి చూసి "అద్దంలా ఉందమ్మా" అనేవారు. ఆ ఒక్క మాట కోసం వారమంతా శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

ఎనభైల మొదటి రోజులవి. మేము న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేసేవారు. వారానికి ఐదు రోజులు గాజు గొట్టాలు, ఆరో రోజు చెక్క. ఎవరో ఇల్లు మారుతూ వదిలించుకున్న కరెంటు రంపం ఒకటి తెచ్చి బేస్‌మెంట్‌లో పెట్టుకున్నారు. ఆ చలికాలం ఆయన చేస్తున్నది మా తెలుగు చర్చికి బల్ల. అద్దె హాల్లో కూడుకునే పదిహేను కుటుంబాలం మేము. ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారాల్లో రొట్టె, ద్రాక్షరసం మడత టేబుల్ మీదే పెట్టేవారు, దాని కాలు ఒకటి ఎప్పుడు మడుచుకుంటుందో ఎవరికీ తెలియదు. ఈస్టర్‌కల్లా మంచి బల్ల ఇస్తానని నాన్న పాస్టర్‌గారికి మాటిచ్చారు.

మా తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు, నాకు పదకొండు. చలి మొదలైన దగ్గర్నుంచి వాడి ఛాతీలో పిల్లికూతలు. పడుకుంటే ఆయాసం. అమ్మ హాస్పిటల్లో నర్సు కాబట్టి భయాన్ని పైకి చూపించేది కాదు, కానీ వాడి గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి లెక్కపెడుతుండేది. ఇంట్లో దుమ్ము ఎక్కడుందని డాక్టర్ అడిగాడట. ఆ సాయంత్రం అమ్మ నాన్నతో తేల్చి చెప్పేసింది.

"డాక్టర్ చెప్పింది విన్నారుగా? డస్ట్ తగ్గకపోతే మెడిసిన్ ఎన్నిసార్లు ఛేంజ్ చేసినా ఒకటేనట. బల్లదేముందండీ, షాప్‌లో తెచ్చి ఇద్దాం. ఆ రంపం మాత్రం మనింట్లో ఉండటానికి వీల్లేదు."

నాన్న వాదించలేదు. "ఒక్క వీక్ టైమ్ ఇవ్వు" అన్నారు.

నేను మెట్ల మీద కూర్చుని అంతా విన్నాను. రంపం పోతే నాన్న శనివారాలు పోతాయి, నా పనీ పోతుంది. దుమ్మే కదా శత్రువు, దాని సంగతి నేను తేలుస్తాననుకున్నాను. అమ్మమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన కొబ్బరీనెల చీపురు ఒకటి మా ఇంట్లో ఉండేది. మామూలు చీపురు పక్కనపడేసి దాన్ని అందుకున్నాను. ఆ శనివారం నాన్న రంపం ఆన్ చెయ్యనే లేదు. పొద్దంతా చెక్కలకి జిగురు పూసి బిగించుకుంటూ కూర్చున్నారు. ఆయన పైకి వెళ్ళాక నేను బల్లల కిందా రంపం వెనకా ఎన్నాళ్ళనుంచో పేరుకున్న పొట్టునంతా ఈనెలతో గీకి గీకి లాగాను. ఒకటికి రెండుసార్లు ఊడ్చాను. నేల నిజంగానే అద్దంలా ఉంది.

ఆ సాయంత్రం తమ్ముడికి మునుపెన్నడూ లేనంత ఆయాసం వచ్చింది. బాత్రూంలో వేడినీళ్ళు వదిలి, ఆ ఆవిరిలో నాన్న వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా జుట్టు నిండా పొట్టే. నాన్న నన్ను ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. రంపం తిరగని రోజు కూడా వాడికి ఆయాసం వచ్చిందంటే కారణం ఇంకేదో ఉందని ఆ ల్యాబ్ మనిషికి అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. నాకు మాత్రం ఏమీ తెలియలేదు.

మర్నాటికి వాడు తేరుకున్నాడు. చర్చి నుంచి వచ్చాక, మధ్యాహ్నం, నాన్న నన్ను కిందకి రమ్మన్నారు. బేస్‌మెంట్ కిటికీలకి అప్పటికే అట్టలు అడ్డం పెట్టి ఉన్నాయి. లైటార్పి, టార్చ్ నా చేతికిచ్చి, చీపురు ఆయన తీసుకున్నారు.

"కిందకి కాదు, అడ్డంగా గాలిలోకి వెయ్యి. అలా హోల్డ్ చెయ్యి" అన్నారు.

ముందురోజు నేను అద్దంలా చేసిన నేల మీదే ఆయన రెండుసార్లు మెల్లగా ఊడ్చారు. అంతే. టార్చ్ వెలుగంతా ధూళితో నిండిపోయింది. అన్నం కుండ మూత తీసినప్పుడు ఆవిరి లేచినట్టు లేచింది. కిందకి దిగుతుందేమోనని చూశాను, దిగలేదు. ఇంతలో ఇల్లు వేడిచేసే ఫర్నెస్ గుర్రుమంది. ఆ ధూళి మొత్తం ఒక్క పక్కకి వాలి, ఫర్నెస్ గాలి లాక్కునే రేకు గొట్టం వైపు వెళ్ళడం మొదలుపెట్టింది. అది లాగిన గాలే వేడెక్కి అన్ని గదులకీ వెళ్తుంది. మొదటి గది మా తమ్ముడిది.

నాకు ఏడుపొచ్చింది, చీకట్లో కాబట్టి సరిపోయింది.

"లైట్ కదులుతోంది తల్లీ, స్టెడీగా పట్టుకో" అన్నారు నాన్న. చీపురు గోడకి ఆనించి, "మా ఊళ్ళో వడ్రంగి పాక ముందు ఆరుబయట కూర్చునేవాడు. పొట్టంతా గాలికి పోయేది. ఇక్కడ తలుపులన్నీ వేసుకుని ఆ గాలే మళ్ళీ మళ్ళీ పీలుస్తున్నాం. ఇన్నాళ్ళూ నాకది తట్టనే లేదు చూడు" అన్నారు.

ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఆ ధూళి తగ్గేదాకా చూశాం. గంట దాకా పట్టింది. ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

తరవాత ఆయనకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. నానమ్మ నీళ్ళు చిలకరించకుండా వాకిట్లో చీపురు వేసేది కాదట. కానీ రంపం ఇనుముది, నీళ్ళు పడితే తుప్పు. అందుకని ముతక పొట్టును ఒక బకెట్లో వేసి, పిడికిట్లో నొక్కితే ముద్దయ్యేంత తడిపారు. దాన్ని నేల మీద జల్లి మెత్తటి చీపురుతో నెమ్మదిగా లాగితే, సన్న ధూళి దానికి అంటుకుని వచ్చేసింది. "ముల్లును ముల్లుతోనే తియ్యాలి" అని నవ్వారు. పని చేసినంతసేపూ ఫర్నెస్ ఆపేసి, కిటికీలో గాలిని బయటికి తోసే ఫ్యాన్ పెట్టాలని నియమం పెట్టుకున్నాం. కోట్లు వేసుకుని గజగజలాడుతూ ఊడ్చేవాళ్ళం. ఈనెల చీపురు వాకిట్లో మంచు దులపడానికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం రాత్రి భోజనాల దగ్గర అమ్మ అడిగింది, రంపం సంగతి ఏం చేశారని.

"తప్పు దానిది కాదు, నాది. నాకు ఊడ్చడం చేతకాలేదు. ఇంకొక్క మంత్ చూడు" అన్నారు.

ఇంట్లో ఎవరు ఊడుస్తారో అమ్మకి తెలియదా? నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, పప్పు వడ్డించింది. నెల తిరిగేసరికి పిల్లికూతలు పూర్తిగా పోలేదు గానీ, వాడు రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టాడు. ఈస్టర్‌కి బల్ల హాలుకి చేరింది.

నాన్నకిప్పుడు ఎనభై దాటాయి. ఊడ్చడం చేతకాదని తమ్ముడు ఆయన్ని ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాడు. మొన్న అందరం కలిసినప్పుడు మళ్ళీ ఆ మాట వస్తే, నేనిక ఆగలేకపోయాను. "అప్పుడు ఊడ్చింది నేన్రా" అన్నాను. ఆ మాట బయటికి రావడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

నాన్న తల అడ్డంగా ఊపారు. "కాదమ్మా. చీపురు నా చేతిలో ఉంది. నీ చేతిలో టార్చ్ ఉంది. నాకు బాగా గుర్తు."

చీపురు నాకిచ్చి టార్చ్ ఆయన పట్టుకుని ఉంటే, ఆ ధూళి నా చేతి కిందనుంచి లేవడం నేను చూసేదాన్ని. జన్మలో మరచిపోగలిగేదాన్ని కాదు. కిందకి దిగకముందే ఆయన అదంతా ఆలోచించుకున్నారు. ఇప్పుడు నా ఉద్యోగంలో నా దగ్గర పని నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు వస్తుంటారు. వాళ్ళ తప్పు వాళ్ళకి చూపించాల్సి వచ్చిన ప్రతిసారీ, ముందు చీపురు నేను తీసుకుంటాను.