ఖాళీగా వచ్చిన డబ్బా

మా గల్లీలో ఏ తలుపు కొడితే ఎంతసేపటికి తెరుచుకుంటుందో నాకు తెలుసు. పెళ్ళయి పాతబస్తీలోని గౌలిపురకు వచ్చినప్పటి నుంచి పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసిన మనిషిని. బర్రెలు ఉన్నన్నాళ్ళు క్యానుతో పోశాను. కొట్టం తీసేసి అక్కడే మా కొడుకు రెండు గదులు కట్టుకున్నాక ప్యాకెట్లు వేస్తున్నాను. మూల మీద ఒక్కడే ఉండే దర్జీ భాయ్‌కి చిన్నప్పటి నుంచి రెండు కాళ్ళూ పనిచెయ్యవు. ఆయన చేతుల మీద జరుగుతూ వచ్చి గడియ తీసేలోపు నేను పక్కింట్లో వేసి రావచ్చు. ఎదురింటి మేడ మీది అమ్మ తలుపు మాత్రం నేను చివరి మెట్టు ఎక్కేసరికే తెరిచి ఉండేది. సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. టైము అంటే టైమే.

ఆ అమ్మది కోస్తా వైపు. ఉద్యోగం వచ్చి చిన్న వయసులోనే అక్కతో కలిసి ఇక్కడికి వచ్చింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. అక్క పోయిన ఏడాదికి అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కాలు ఈడ్చి నడిచేది. పాలు గడప దగ్గర పెట్టి పొమ్మనేది. ఒకరోజు పొద్దున పెట్టిన ప్యాకెట్టు మధ్యాహ్నమైనా అక్కడే ఉంది. తలుపు తోసి చూస్తే మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. పడి, లేవలేక అలాగే ఉండిపోయింది. రెండు రోజులుగా పొయ్యి వెలిగించలేదట. టీలో బిస్కెట్లు ముంచుకుని తింటూ షుగరు మాత్రలు వేసుకుంటోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గట్టిగా చెప్పాడు, రెండు పూటలా అన్నం తినకుండా ఈ మాత్రలు వేసుకుంటే మళ్ళీ పడతారు, ఈసారి లేవరు అని.

ఆ సాయంత్రం నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ ఆడవాళ్ళం మాట్లాడుకున్నాం. ఏడిళ్ళు, వారానికి ఏడు రోజులు. ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో, తమకు వండుకున్న దాంట్లోనే రెండు డబ్బాలు ఎక్కువ సర్దాలి. ఒకటి అమ్మకు, ఒకటి దర్జీ భాయ్‌కి. గురువారం వంతు వచ్చిన ముస్లింల ఇంటి ఆపా, అమ్మ మాంసం తినదని ఆమె కోసమే కొత్త గిన్నె కొని పప్పు వండేది. వండేది ఎవరైనా మోసేది నేనే. మెట్లన్నీ నాకు అలవాటే కదా.

రెండు డబ్బాలూ ఒకే తీరువి. అమ్మదాంట్లో ఉప్పు తక్కువ. ఎవరిది ఏదో మా కోడలు చీటీ రాసి అంటించేది. నేను ఆ చీటీని చూసినట్టు తల ఊపేదాన్ని. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. అరవై దగ్గరపడుతున్నా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఏదైనా చదవమంటే కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పేదాన్ని. నాకు కళ్ళజోడే లేదు. డబ్బాలు మాత్రం తారుమారు కాలేదు. కోడలు అమ్మ డబ్బాకి ఎర్రదారం కట్టేది. అందం కోసం కట్టిందనుకుని, దాన్నే గుర్తు పెట్టుకునేదాన్ని.

ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకపోవడం మా అందరికీ అలవాటే. మొదటి రోజే దర్జీ భాయ్ డబ్బా కడిగి, అందులో నాలుగు గుండీలు వేసి ఇచ్చాడు.

"ఇవెందుకు భాయ్?"

"ఖాలీ డబ్బా ఎట్ల ఇస్త అమ్మా, శరమ్ ఐతది. నీ మనవడి చొక్కాకు గుండీలు ఊడినయి, నిన్న చూసిన. తోలియ్యి, కుట్టిస్త."

అమ్మ డబ్బాలో గుప్పెడు చక్కెర వచ్చింది. మర్నాడు యాలకులు. ఆ తర్వాత ఎండు ఖర్జూరాలు, చింతపండు, విప్పని సబ్బు. నేను వద్దనేదాన్ని, ఆమె వినేది కాదు. రెండు నెలలు గడిచాక ఒకరోజు డబ్బా అడుగున వెండి కుంకుమ బరిణె ఉంది. మెట్ల మీదే మూత తీసి చూసి వెనక్కి తిరిగాను. అమ్మ మంచం మీద ఉంది. బరిణె వంటింట్లో పెడదామని వెళ్ళాను. అలమరలో డబ్బాలన్నీ మూతలు తీసి బోర్లించి ఉన్నాయి. ఒక్క గింజ లేదు. రెండు నెలలుగా ఆమె తన వంటిల్లు మొత్తాన్నీ నా డబ్బాలో పెట్టి పంపేసింది. పింఛను వస్తుంది, కొనుక్కోలేక కాదు. దుకాణానికి వెళ్ళాలంటే మెట్లు దిగలేదు. నన్ను తెమ్మంటే అది కూడా అడగడమే అవుతుంది.

నేను బయటికి రాగానే అంది, "చూశావుగా. ఇక పంపడానికేం లేదు. రేపటి నుంచి తేవద్దమ్మా."

"ఖాళీగనే పంపుండ్రి అమ్మా. మీరు డబ్బాల పెట్టేదాని కోసమా మేం తెచ్చేది?"

"మీరు ఎందుకు తెస్తున్నారో మీకు తెలుసు. ఖాళీ గిన్నె పంపితే నాకెలా ఉంటుందో నాకు తెలుసు."

మర్నాడు తీసుకెళ్ళాను. డబ్బా మూత కూడా తియ్యకుండా తిప్పి పంపింది. రెండో రోజూ అంతే. మూడో రోజు తలుపు తెరిచిన చెయ్యి వణుకుతోంది. మాత్ర వేసుకున్నారా అంటే వేసుకున్నానంది. అన్నం నిండుగా ఉన్న డబ్బా పట్టుకుని కిందికి దిగాను. ఇంటికి పోవడానికి మనసు రాక దర్జీ భాయ్ గడప మీద కూర్చున్నాను. సంగతి చెప్పాను.

ఆయన చేత్తో తిప్పే మిషను చక్రం ఆపి అన్నాడు, "నా తాన అయితే రోజు లొల్లి చేస్తవ్. జేబు చిరిగింది కుట్టు, పరదా కుట్టు, రవికె వదులు చెయ్యి అని. అందుకే నీ పప్పు తినుడుకు నాకేం ఫికర్ లేదు. ఆమె తాన ఎన్నడన్న ఏమన్న అడిగినవా?"

"ఏం అడగాలె భాయ్ ఆమెను?"

"నాకేం ఎర్క? నీకేం లేదో అది అడుగు."

నాకేం లేదో నాకు తెలుసు. దాచుకున్నది దాచుకున్నట్టు ఉంటే ఆమె పడిపోతుంది. మళ్ళీ మెట్లెక్కాను.

"అమ్మా, నాకు సదువు రాదు."

అమ్మ నా వైపు చూసింది. "నా మందుల చీటీ రోజూ చూస్తావుగా?"

"చూస్త. సదువ."

"నామీద జాలిపడి కథలు చెబుతున్నావా?"

గోడ మీది కేలండర్ చూపించి, ఆ పైన ఏం రాసుందో చెప్పమంది. అంకెలు గుర్తుపడతాను, ఎర్రగా ఉన్నది ఐతారమని తెలుసు, పైన రాసింది మాత్రం తెలియదన్నాను. నా ముఖం చూసి నమ్మింది. నాకు నేర్పమని అడిగాను.

"ఈ వయసులో నేర్చుకుని ఏం చేస్తావు?"

"ఏ డబ్బా ఎవలదో సదువుకుంట. రోజు ఒక్క అక్షరం రాసి డబ్బాల పెట్టి పంపుండ్రి. చక్కెర వద్దు, సబ్బు వద్దు."

"కుడిచెయ్యి పోయింది కదమ్మా. ఎడమచేత్తో రాస్తే నా అక్షరాలు ఎంత వంకరగా ఉంటాయో తెలుసా?"

"వంకరో సక్కగనో నాకేం తెలుస్తది అమ్మా? ఎట్ల రాసినా నాకు ఒక్కటే."

అమ్మ నవ్వింది. రెండు నెలల్లో ఆమె నవ్వగా నేను చూడలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "ఆ డబ్బా ఇలా తే," అంది. పప్పు చల్లారిపోయింది. వేడి చేస్తానన్నా ఆగలేదు. ఆమె తినడం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.

మర్నాడు డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టి కాళ్ళూ మొహం కడుక్కుని వచ్చేసరికి కోడలు దాన్ని తోమేసింది.

"దాంట్ల కాగితం ముక్క ఉండెనే?"

"ఉండె అత్తమ్మా. చెత్తల ఏసిన."

"ఎందుకేసినవే!"

చెత్తబుట్ట కిందికి గుమ్మరించి వెతికాను. టీపొడి అంటిన కేలండర్ ముక్క మీద పెద్ద అక్షరం ఒకటి, గాలికి వంగిన కొమ్మలా ఎడమకు ఒరిగి ఉంది. ఇక చెప్పక తప్పలేదు. కోడలు నేను చెప్పేదంతా విని చేతులు తుడుచుకుంటూ అంది, "నాకు ఎప్పటి నుంచో ఎర్కనే అత్తమ్మా. గందుకే గద ఎర్రదారం కట్టేది."

ఇన్నేళ్ళూ నేను దాచాననుకున్నాను. ఆ పిల్ల నేను దాచుకునేటట్టు చూసుకుంది. ఆ రోజు దాన్ని దగ్గరికి తీసుకోవడానికి కూడా నాకు చేతకాలేదు. బుట్టలో చెత్త మళ్ళీ ఎత్తిపోశాను, అంతే.

ముగ్గు వేసే చెయ్యికి వంపులు కొత్త కాదు. పొద్దున్నే గడప ముందు నీళ్ళు చల్లి ముగ్గుపిండితో ఆ అక్షరాన్ని తిప్పేదాన్ని. "గిదేం ముగ్గు అక్కా, చుక్కలే లేవు?" అని పక్కింటామె వెక్కిరించింది. వారం తిరిగేసరికి ఆమెకూ తెలిసింది, గల్లీకీ తెలిసింది. ఎక్కువమంది నవ్వలేదు. నవ్వినవాళ్ళు కూడా మర్నాడు నిన్నటి అక్షరం గుర్తుందా అని అడిగారు. అక్షరాలయ్యాక గుణింతాలు వచ్చాయి, అవయ్యాక మాటలు. పప్పు, ఉప్పు, చారు, పెరుగు. ఆ తర్వాత అమ్మ చీటీల్లో అసలు సంగతులు మొదలయ్యాయి. "నిన్నటి చారులో మిరియాలు ఎక్కువ" అని వస్తే, కూడబలుక్కుని చదివి, మంగళవారం ఇంటామెకు చెప్పే పని నాది.

"సదువొచ్చినంక నీకు తప్పులు వట్టుడు ఎక్కువైంది అక్కా," అందామె.

"నేను వట్టలే. గిండ్ల రాసి ఉంది, చూడు."

అలా ఏడాదిన్నర గడిచింది. అమ్మ మళ్ళీ పడలేదు. డాక్టరు మాత్ర తగ్గించాడు కూడా. ఒక మధ్యాహ్నం డబ్బా తెచ్చి మూత తీస్తే లోపల ఏమీ లేదు. గిన్నెలు విడదీసి చూశాను. కడిగి తుడిచి ఉన్నాయి, కాగితం లేదు. మళ్ళీ పాత రోజులు వచ్చాయేమో, రేపటి నుంచి వద్దంటుందేమో అని భయం పట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా మేడ ఎక్కాను.

అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది.

"మంచిగున్నరా అమ్మా?"

"బానే ఉన్నాను. ఏమైంది, అలా రొప్పుతున్నావు?"

"డబ్బాల ఏం పెట్టలే."

"ఏం పెట్టాలి?" అంది. ఆమె కిటికీ వైపు తిరిగింది. "మా అక్క ఉన్నప్పుడు ఆ గదిలో గిన్నె ఈ గదిలోకి వచ్చేది. ఖాళీ చేసి అక్కడ పడేసేదాన్ని. అందులో ఎప్పుడైనా ఏమైనా పెట్టానా?"

అర్థమైందని తల ఊపాను. వెళ్ళబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఇదిగో. రేపు పెరుగు కాస్త ఎక్కువ పెట్టమని చెప్పు. ఇవాళ చాలలేదు."

అన్నేళ్ళ పాలు, దాదాపు రెండేళ్ళ డబ్బాలు. ఆమె నోటి నుంచి ఏదైనా కావాలని వినడం నాకు అదే మొదలు.

ఏ రోజు ఎవరి వంతో రాసిన అట్ట దర్జీ భాయ్ తలుపుకి వేలాడుతుంటుంది. ఇప్పుడు దాని మీద ఇంకో ముగ్గురు ముసలివాళ్ళ ఇళ్ళు కూడా చేరాయి. ఆ రోజు భాయ్ దగ్గర గుడ్డ మీద గీతలు గీసే పెన్సిలు తీసుకుని, మర్నాటి వంతు పక్కన రాశాను. నేను అమ్మ చీటీలు చూసి నేర్చుకున్నదాన్ని కాబట్టి నా అక్షరాలు కూడా ఎడమకే ఒరుగుతాయి. భాయ్‌కి ఉర్దూ వచ్చు, తెలుగు రాదు. మెడ చాచి చూశాడు.

"ఏం రాసినవ్ అమ్మా?"

నేను వేలు పెట్టి చదివి వినిపించాను. "మేడ మీది అమ్మకు పెరుగు ఎక్కువ."