జారుముడి వేయాల్సింది

మా కుక్కను కట్టేసి రమ్మన్నారు. నీళ్లొస్తున్నాయని చెప్పడానికి వచ్చినవాళ్లే, ఆ నీళ్లలో ఒక ప్రాణాన్ని కట్టేయమన్నారు. తప్పు అది. మిగతాదంతా తర్వాత.

ఎగువ చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దుంకిన పొద్దున సిరిసిల్లలో మా నేతగాళ్ల వాడలోకి ట్రాక్టర్ వచ్చింది. అప్పటికే మా గడప కింది మెట్టు మునిగింది. అందర్నీ కాలేజీకి చేరుస్తామన్నారు. నేను, నా భార్య, మా ముసలి కుక్క ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. ట్రాక్టర్ మీది ఉద్యోగి కుక్కను చూసి నవ్వాడు.

"దానికి ఓటున్నదా కాకా? మనుషులకే జాగ లేదు. కట్టేసి ఎక్కు, లేకుంటే ఎనకనే ఈదుకుంట అస్తది."

పక్కింటామె కోడిని కొంగు కింద దాచుకుని అప్పటికే ఎక్కేసింది. అది కొక్కొక్ అన్నప్పుడల్లా ఆమె దగ్గేది. కుక్కను నేను ఏ కొంగు కింద దాచను?

నా చిన్నతనంలో వాగు పొంగితే మా తాత మనుషుల్ని లేపకముందే కొడవలి పట్టుకుని కొట్టంలోకి పోయేవాడు. పశువుల తాళ్లన్నీ కోసేవాడు. ఆయనకు అక్షరం రాదు. నాకు వచ్చు. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పేపర్లలో కూడబలుక్కుని నేర్చుకున్నాను. అంత చదువూ పెట్టుకుని, ఎవరో చెప్పాడని, మగ్గం గుంజకు దాన్ని కట్టాను.

జారుముడి వేద్దామనే అనుకున్నాను, కుక్క గట్టిగా లాగితే ఊడిపోయేది. వీధిలో నీళ్ల చప్పుడు, ట్రాక్టర్ హారన్. గబగబా ముడేసి ట్రాక్టర్ ఎక్కాను.

కాలేజీ వరండాలో అటుకుల పొట్లాలు పంచారు. నా భార్య తన పొట్లం తినలేదు. దాని దారం మాత్రం విప్పి నా ముందు పెట్టింది.

"ఏ ముడేసినవ్?"

"జారుముడే."

"ఎట్లేసినవో మళ్ల ఏసి సూపియ్యి."

కిటికీ ఊచకు వేసి చూపించాను. ఆమె లాగింది. ఊడలేదు. ఇంకా లాగింది. తెగిన పోగును అతికే ముడి అది. యాభై ఏళ్లు మగ్గం మీద వేసిన ముడి, లాగినకొద్దీ బిగుస్తుంది. అలవాటైన ముడిని చేతులు వాటంతటవే వేసేశాయి.

వెనక్కి పోతానన్నాను. నీళ్లు నడుం దాటాయని గేటు దగ్గరే ఆపేశారు. ఆ పగలంతా వానలో ఎక్కడ ఏ కుక్క మొరిగినా మాదే అనుకున్నాను. మొరుగుడు ఆగితే ఇంకా భయమేసేది. అప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు.

మూడో రోజు నీళ్లు తగ్గాయి. కుక్క గుంజ దగ్గరే పడి ఉంది. తాడు బిర్రుగా ఉంది. నానిన ముడి గోళ్లకు రాలేదు. కొడవలితో కోశాను.

ట్రాక్టర్ పంపిన తహసీల్దారు ఆఫీసుకు అర్జీ రాశాను. ఒకటే ప్రశ్న అడిగాను: కట్టేయమన్నది ఎవరి ఆజ్ఞ? నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కాక ఒక కాగితం చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి నా భార్యకు చదివి వినిపించాను.

"పెంపుడు జంతువులను కట్టివేయవలసిందిగా ఈ కార్యాలయం నుండి ఎవరికీ ఆదేశాలు ఇవ్వబడలేదు. సదరు కుక్కను కట్టివేసినది అర్జీదారుడే."